సీజీసీ కేస్‌లోని కామిక్ మార్చేశారా? తెరవకుండానే పట్టుకోవడం ఎలా

కామిక్ పుస్తకాల స్థితికి పదికి ఇంత అని గ్రేడ్ వేసి, ప్లాస్టిక్ కేస్‌లో సీల్ చేసే అమెరికా సంస్థ సీజీసీ. 2024 జనవరిలో అది మూడు వందలకు పైగా సర్టిఫికేషన్ నంబర్లతో ఒక జాబితా బయటపెట్టింది. ఆ నంబర్లున్న స్లాబుల్లో, అంటే సీల్ చేసిన కేసుల్లో, పుస్తకాలు మారిపోయి ఉండొచ్చన్నది అనుమానం. పద్ధతి చాలా సులువైనది. 9.8 గ్రేడ్ స్లాబ్ కొంటారు. కేస్‌ను పగలకుండా విడదీసి, మంచి కాపీ బయటికి తీసి, అదే సంచిక తక్కువ గ్రేడ్ కాపీని లోపల పెడతారు. తర్వాత కేస్ పాడైందని చెప్పి కొత్త కేస్ కోసం రీహోల్డర్ సేవకు పంపుతారు. రీహోల్డర్‌లో పుస్తకానికి మళ్లీ గ్రేడ్ వేయరు, పాత గ్రేడే కొత్త లేబుల్ మీదికి వస్తుంది. అలా తక్కువ కాపీ చుట్టూ సిసలైన సీజీసీ కేస్, సిసలైన లేబుల్, గీత కూడా లేని అంచులు వచ్చి చేరతాయి. బయటికి తీసిన 9.8 కాపీని మళ్లీ గ్రేడింగ్‌కు పంపి ఇంకో 9.8 సంపాదించుకోవచ్చు.

అందుకే ఈ తనిఖీని ప్లాస్టిక్‌తో మొదలుపెట్టొద్దు. గ్యాస్ సిలిండర్ సీల్ బాగానే ఉన్నా తూకం వేయించి తీసుకుంటాం కదా, ఇక్కడ ఆ తూకం పనిని పాత ఫోటో చేస్తుంది. ముందు పుస్తకం, తర్వాత లేబుల్, చివర కేస్. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. కేస్ అంచులు శుభ్రంగా కనిపించగానే తృప్తిపడి డబ్బు కట్టేస్తారు.

దగ్గర ఉండాల్సిన సామాను తక్కువే: 10 రెట్లు పెద్దదిగా చూపే లూప్, తెల్లని వెలుగునిచ్చే చిన్న ఎల్ఈడీ టార్చ్, 365 నానోమీటర్ల యూవీ టార్చ్, నల్లని గుడ్డ, మైక్రోఫైబర్ గుడ్డ. వీటితోపాటు నమ్మకమైన చోట కొన్న చవక స్లాబ్ ఒకటి ఉంటే బాగా పనికొస్తుంది. సీజీసీ 2016లో కేస్ తయారీనే మార్చింది కాబట్టి పాత తరహాది ఒకటి, కొత్త తరహాది ఒకటి ఉంటే ఇంకా మంచిది. అంచు అసలు ఎలా ఉంటుందో కంటికి అలవాటైతే తేడా దానంతటదే కనబడుతుంది.

పాత ఫోటో వెతకడం

ముందు లేబుల్ మీదున్న సర్టిఫికేషన్ నంబర్‌ను సీజీసీ వెబ్‌సైట్‌లో కొట్టండి. పేరు, సంచిక, గ్రేడ్, పేజీల రంగు లేబుల్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. గ్రేడ్ వేసిన తేదీ కూడా అక్కడ చూసుకోండి. గ్రేడర్ నోట్స్ (గ్రేడ్ వేసినవాళ్లు రాసిన లోపాల వివరాలు) ఉంటే తప్పకుండా చదవండి. "వెనుక అట్ట కింది కుడి మూల వంగింది" అని రాసి ఉంటే ఆ మూల మీ పుస్తకంలోనూ వంగి ఉండాలి. నోట్స్‌లో ఉన్న లోపం పుస్తకం మీద లేకపోతే సంతోషించాల్సింది ఏమీ లేదు, అనుమానించాలి.

గ్రేడ్ 2009లో వేసినట్టు చూపిస్తూ, చేతిలో ఉన్నది 2016 తర్వాతి కేస్ అయితే మధ్యలో ఎప్పుడో కేస్ మారింది. అది తప్పేమీ కాదు, పగిలిన కేస్ మార్పించుకునేవాళ్లు ఎంతోమంది ఉంటారు. కానీ అలాంటి స్లాబ్‌కు పాత ఫోటో దొరకకుండా 9.8 ధర పెట్టకూడదని మా గట్టి అభిప్రాయం.

ఫోటోల కోసం వేలం సంస్థ హెరిటేజ్ ఆక్షన్స్ పాత అమ్మకాల పేజీలు, కామిక్స్ అమ్మే కామిక్‌లింక్, కామిక్‌కనెక్ట్ సైట్లు, ఈబేలో అమ్ముడైన వస్తువుల పేజీలు వెతకాలి. హెరిటేజ్ స్కాన్‌లు పెద్దవి, వాటిలో స్టేపుల్స్ కూడా స్పష్టంగా కనిపిస్తాయి. నంబర్‌తో ఒకసారి, సంచిక, గ్రేడ్, పేజీల రంగు పేర్లతో ఇంకోసారి వెతకండి. నంబర్ మారిపోయి ఉంటే మొదటి వెతుకులాటలో ఏమీ దొరకదు.

రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి

ఒకే సంచికకు వేలు, లక్షల కాపీలు అచ్చవుతాయి. కానీ మడత, కోత, స్టేపుల్ ఏ రెండు కాపీల్లోనూ అచ్చు ఒకేచోట పడవు. అట్టను కాస్త వంకరగా మడిస్తే స్పైన్ (స్టేపుల్స్ ఉన్న మడత అంచు) పక్కన తెల్లని పట్టీ పైన సన్నగా, కింద వెడల్పుగా వస్తుంది. కత్తిరించేటప్పుడు కాగితం జరిగితే ధర ఉన్న గడి అంచుకు దగ్గరవుతుంది, లేదా దూరమవుతుంది. స్టేపుల్ ఒకటి నేరుగా, ఒకటి ఏటవాలుగా దిగుతుంది. పుస్తకం కేస్‌లో ఎన్నేళ్లున్నా ఇవి మారవు.

స్టేపుల్ దూరాన్ని ఫోటోలో కొలిచి నిష్పత్తిగా మార్చుకోండి. పాత స్కాన్‌లో అట్ట ఎత్తు 2000 పిక్సెళ్లు, పై అంచు నుంచి పై స్టేపుల్ 460 పిక్సెళ్ల దగ్గర ఉందనుకుందాం. అంటే 23 శాతం. అమ్మేవాళ్లు పంపిన ఫోటోలో ఎత్తు 1500 అయితే స్టేపుల్ 345 దగ్గర ఉండాలి. అది 375 దగ్గర కనిపిస్తే 25 శాతం అయినట్టు. అమెరికన్ కామిక్ ఎత్తు దాదాపు 26 సెంటీమీటర్లు కాబట్టి ఆ 2 శాతం తేడా అంటే 5 మిల్లీమీటర్లు. ఫోన్‌ను కాస్త వంచి తీస్తే ఒకటి, రెండు మిల్లీమీటర్ల తేడా రావచ్చు. నేరుగా తీసిన ఫోటోలో 5 మిల్లీమీటర్లు వచ్చిందంటే అది వేరే కాపీ.

ఇలా కనీసం నాలుగు గుర్తులు సరిచూడండి: పై స్టేపుల్, కింది స్టేపుల్, స్పైన్ పక్కన తెల్లని పట్టీ పైనా కిందా ఎంత వెడల్పు ఉందో, కుడి అంచు దగ్గర బొమ్మ ఎక్కడ తెగిందో. సిరా చుక్కలు, రంగు జరిగిన చోట్లు, పాత దుకాణాల తేదీ ముద్రలు, పై అంచున డిస్ట్రిబ్యూటర్లు చల్లిన రంగు ఉంటే ఇంకా సులువు. వెనుక అట్టనూ వదలొద్దు. అమ్మేవాళ్లు ముందువైపు ఫోటో ఒక్కటే పెట్టి ఊరుకుంటే వెనుకవైపు అడిగి తెప్పించుకోండి.

లోపాల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. పాత ఫోటోలో లేని చిన్న చిరుగు ఇప్పుడు స్టేపుల్ దగ్గర కనిపిస్తే, పార్సిల్‌లో పుస్తకం కేస్ లోపల అటూ ఇటూ ఊగి చిరిగి ఉండొచ్చు. సేకర్తలు దీన్ని షేకెన్ కామిక్ సిండ్రోమ్ అంటారు. పాత ఫోటోలో ఉన్న లోపం ఇప్పుడు కనిపించకపోతే మాత్రం దానికి అమాయకమైన కారణం దొరకడం కష్టం. మూసిన కేస్‌లో రంగు ఊడిన గీత తనంతట తాను మానదు.

గ్రేడ్‌కు తగ్గ పుస్తకమేనా

పాత ఫోటో దొరకకపోతే పుస్తకాన్నే అడగాలి. చీకటి గదిలో టార్చ్‌ను కేస్ ఉపరితలానికి దాదాపు ఆనించి, వెలుగు అడ్డంగా పాకేలా పట్టండి. స్పైన్ పొడవునా మెల్లగా జరపండి. ముదురు రంగు అట్ట మీద స్పైన్ టిక్‌లు (మడత అంచున పడ్డ చిన్న అడ్డ నలుగుళ్లు) తెల్లని చుక్కల్లా మెరుస్తాయి. 9.8లో అతి చిన్న లోపం ఒకటో రెండో ఉండొచ్చు. రంగు ఊడిన టిక్‌లు అరడజను, మొద్దుబారిన రెండు మూలలు, వేలి ఒత్తిడికి పడిన గుంటలు కలిసి కనిపిస్తే అది 9.8 కాదు, 9.4 కూడా కష్టమే. గ్రేడింగ్‌లో మనుషుల అంచనా ఉంటుంది కాబట్టి సగం మెట్టు తేడాను పట్టుకుని గొడవపడొద్దు. తేడా రెండు మూడు మెట్లు ఉన్నప్పుడే అది మార్పిడి అనుమానం.

లేబుల్ మీద రాసినదానికి, అట్ట మీద కనిపించేదానికి పొంతన చూడండి. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 300వ సంచిక, 1988 మే నాటిది, న్యూస్‌స్టాండ్ ఎడిషన్ (పత్రికల దుకాణాల్లో అమ్మినది) అని లేబుల్ చెబితే అట్ట మీది గడిలో బార్‌కోడ్ ఉండాలి. అక్కడ బొమ్మ ఉంటే అది కామిక్స్ దుకాణాల్లో అమ్మిన డైరెక్ట్ ఎడిషన్. న్యూస్‌స్టాండ్ కాపీలు మంచి స్థితిలో దొరకడం అరుదు కాబట్టి ధర ఎక్కువ, మోసానికీ అవే లక్ష్యం. 1977 నాటి స్టార్ వార్స్ 1వ సంచిక 35 సెంట్ల వేరియంట్ అని రాసి ఉంటే అట్ట మీద 35 సెంట్లే అచ్చయి ఉండాలి. మామూలు కాపీ ధర 30 సెంట్లు.

కేస్ బయటి నుంచి తేలనివీ ఉన్నాయి. ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 లోపలి పేజీలో మార్వెల్ వాల్యూ స్టాంప్ ఉంటుంది. ఆ కాలం పిల్లలు దాన్ని కత్తిరించి దాచుకునేవారు. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 238తో టాటూ కాగితం జతగా వచ్చేది. స్టాంప్ కత్తిరించిన కాపీని, టాటూ లేని కాపీని కేస్‌లో పెట్టేస్తే బయటికి ఏమీ తెలియదు. ఈ రెండు సంచికలకు మాత్రం పాత ఫోటోతో పోలిక తప్ప వేరే దారి లేదు.

ఇక కేస్

ముందు గుడ్డతో తుడవండి. దుమ్ము గీతల్లా కనిపించి గందరగోళపెడుతుంది. నల్లని గుడ్డ మీద కేస్‌ను అంచు మీద నిలబెట్టి, వెనుక నుంచి టార్చ్ వేసి నాలుగు వైపులా అతుకు గీత చూడండి. గీత మొత్తం ఒకే వెడల్పులో సాగాలి. ఒకచోట వెలుగు ఎక్కువగా కారుతున్నా, గోరు అంచు అందులో దిగుతున్నా ఆగి లూప్ పెట్టండి. బ్లేడు పెట్టి విడదీసినచోట అతుకు మీదే, రెండు సగాల మీదా ఎదురెదురుగా చిన్న గాట్లు వరసగా ఉంటాయి. వాటి చుట్టూ ప్లాస్టిక్ వంగి తెల్లబడుతుంది. కింద పడి పగిలిన కేస్ తీరు వేరు. పగులు మూల దగ్గర మొదలై లోపలికి పాకుతుంది, అతుకు వెంట వరస గాట్లు ఉండవు.

మూలల్ని రెండు బొటనవేళ్లతో మెల్లగా నొక్కండి. కదలడం, టిక్కుమనడం, ఒక పక్క లేవడం మంచి లక్షణాలు కావు. బలంగా నొక్కొద్దు, మీరే తెరిచినట్టవుతుంది.

తిరిగి మూయడానికి సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరి ప్లాస్టిక్ లోపలివైపు పేరుకుని మూలల దగ్గర తెల్లని మసకలా కనిపిస్తుంది. గుడ్డతో తుడిస్తే పోదు, ఎందుకంటే అది లోపల ఉంది. చాలా జిగుర్లు యూవీ టార్చ్ కింద చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కు భిన్నంగా మెరుస్తాయి. మీ చవక స్లాబ్‌ను పక్కన పెట్టి రెంటినీ ఒకే వెలుగులో చూడండి. అంచులను పాలిష్ చేసి గాట్లు మాపినా తెలుస్తుంది: మిగతా మూడు వైపులా పదునుగా ఉండి, ఒక వైపు మాత్రం గుండ్రబడి మసకగా కనిపిస్తుంది.

2016కు ముందు కేసుల్లో పుస్తకం చుట్టూ విడిగా సీల్ చేసిన మెత్తని తొడుగు ఉంటుంది, దాన్నే ఇన్నర్ వెల్ అంటారు. బయటి కేస్‌ను నేర్పుగా మూసినవాడు ఈ తొడుగు దగ్గర దొరికిపోతాడు. సీల్ గీత అన్ని వైపులా తెగకుండా ఉందో లేదో చూడండి. ఒక వైపు గీత లేకుండా నున్నగా కోసినట్టు ఉంటే, పుస్తకం ఒక పక్కకు ఒరిగి ఉంటే, వెంట్రుకో నూలుపోగో లోపల కనిపిస్తే గట్టిగా అనుమానించండి.

అనవసరంగా భయపడాల్సిన పని లేనివి కూడా చెప్పాలి. ఇంద్రధనుస్సు రంగుల వలయాలు రెండు ప్లాస్టిక్ పొరలు ఒకదాన్నొకటి తాకినచోట వచ్చే న్యూటన్ రింగులు, 2016 కొత్త కేస్ మొదట వచ్చినప్పుడు అందరినీ విసిగించినవి ఇవే. కేస్ పై గీతలు, పేర్చి పెట్టడంవల్ల పడ్డ రాపిడి మసక, ఇన్నర్ వెల్ స్వల్పంగా వంగడం, ఇవేవీ మార్పిడికి రుజువులు కావు.

కొనే ముందు, చేతికొచ్చాక

అమ్మేవాళ్లను ముందుగానే అడగాల్సినవి: ముందు, వెనుక నేరుగా తీసిన పెద్ద ఫోటోలు, నాలుగు అంచుల ఫోటోలు, లేబుల్ దగ్గరి ఫోటో, టార్చ్ వెలుగులో స్పైన్ మీదుగా తీసిన ఒక నిమిషం వీడియో. ఖరీదైన పుస్తకం నిజాయితీగా అమ్ముకునేవాళ్లకు ఇవి ఐదు నిమిషాల పని. తప్పించుకు తిరిగితే వదిలేయండి, అదే సంచిక మళ్లీ దొరుకుతుంది.

హైదరాబాద్, విజయవాడల్లో ఉండి ఈబేలో కొనేవాళ్లు చాలామంది అమెరికాలోని అన్నయ్యో వదినో ఇంటి చిరునామా ఇస్తారు. స్లాబ్ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో బీరువాలో ఉండి, వాళ్లు సంక్రాంతికి వచ్చినప్పుడు చేతికందుతుంది. ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ గడువు సాధారణంగా పార్సిల్ చేరిన 30 రోజులే. అందుకని ఈ తనిఖీని పార్సిల్ అందుకున్నవాళ్లే అక్కడ, ఆ వారంలోనే చేయాలి. వాళ్లకు కామిక్స్ తెలియకపోయినా ఫర్వాలేదు. పెట్టె విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీసి, పైన చెప్పిన ఫోటోలు పంపమనండి. పోల్చే పని మీరు ఇక్కడ కూర్చుని చేసుకోవచ్చు.

అనుమానం గట్టిపడితే కేస్‌ను తెరవొద్దు. తెరిచిన క్షణం గ్రేడ్ చెల్లదు, మార్చింది మీరేనని అవతలివాళ్లు అనే వీలూ కలుగుతుంది. పార్సిల్ పెట్టె, లోపలి ప్యాకింగ్ పారేయకుండా ఉంచండి. పాత ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట్లకు గుర్తు పెట్టి, ముందు అమ్మినవారికి, వెంటనే ఈబేకి, ఆపై సర్టిఫికేషన్ నంబర్‌తో సహా సీజీసీకి రాతపూర్వకంగా పంపండి. ఫోన్ మాటలకు ఆధారం ఉండదు. "డబ్బు వేరేగా పంపేస్తాను, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి" అని అమ్మినవారు అడిగితే, సొమ్ము ఈబే ద్వారానే మీ ఖాతాలో పడేదాకా ఫిర్యాదు మూయకండి. ఒకసారి మూసేస్తే దాన్ని మళ్లీ తెరిపించడం కష్టం.