శనగలు తిన్నాక కడుపు ఉబ్బరిస్తే వాము మజ్జిగ

శనగలు, అలసందలు తిన్నప్పుడు కడుపు ఉబ్బరించడానికి కారణం, వాటిలోని రాఫినోజ్ వంటి చక్కెరలు చిన్నపేగులో అరగక పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి వాయువుగా మారడమే. అందువల్ల వాటిని 8 నుంచి 12 గంటలు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, మంచినీటితో మెత్తగా ఉడికించడమే అన్నిటికంటే మేలైన పని; నానిన నీటిలో బలముంటుందని దాచుకోవడం నాకు సరైనదిగా తోచదు. భోజనం తరువాత పావు చెంచా వామును దోరగా వేయించి నలిపి, చిటికెడు ఇంగువతో పలుచని మజ్జిగలో కలిపి నెమ్మదిగా తాగితే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. పాలు పడనివారు వామును నీటిలో మరిగించి, వడగట్టి తాగవచ్చు. సోడా మాత్రం వద్దు, అది కడుపులోకి మరింత వాయువును చేరుస్తుంది. ఉబ్బరం వారాల తరబడి తగ్గకపోతే వైద్యుని తప్పక సంప్రదించండి.