టైటానియా పొరకు రుథేనియం రంగు అద్దడం ఎలా?

రంగుతో పనిచేసే సౌర ఘటంలో టైటానియం డయాక్సైడ్ (టైటానియా) తనంతట తాను సుమారు 390 నానోమీటర్ల లోపు అతినీలలోహిత కాంతిని మాత్రమే శోషించుకోగలదు. కంటికి కనిపించే వెలుగును పట్టే భారమంతా దాని రేణువులను అంటిపెట్టుకొని ఉండే, ఒక్క అణువు మందమున్న రంగు పొరదే. అందుకే ఘటం తయారీలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ అద్దకం మీద పెట్టాలని నా అభిప్రాయం.

1991లో శాస్త్రవేత్తలు ఓరీగన్, గ్రాట్జెల్ ఈ ఘటాన్ని ప్రకటించినప్పుడు వాడినది రుథేనియం సంశ్లిష్టమే. 1993లో 10 శాతం సామర్థ్యాన్ని చూపిన ఎన్3 అనే రుథేనియం రంగు పరిశోధన పత్రానికి మొదటి రచయిత అయిన నజీరుద్దీన్ హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారు. ఈ రంగులలో కాంతి పడగానే రుథేనియం వద్ద ఉన్న ఎలక్ట్రాన్ లోహానికి అతికి ఉండే బైపిరిడీన్ అనే సేంద్రియ భాగం (లైగాండ్) మీదికి వెళుతుంది. టైటానియాను పట్టుకొని ఉండే కార్బాక్సిల్ సమూహాలు కూడా ఆ లైగాండ్‌కే ఉంటాయి కాబట్టి, ఎలక్ట్రాన్ తాను దిగవలసిన చోటికి పక్కనే చేరుతుంది. ఎలక్ట్రాన్‌ను కోల్పోయిన రంగుకు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే విద్యుద్విశ్లేష్య ద్రవంలోని అయొడైడ్ మరొకటి అందిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు ఎన్719ను ఎంచుకోవడం మంచిది. ఎన్3లోని నాలుగు ప్రోటాన్లలో రెండింటిని తొలగించి, వాటి స్థానంలో టెట్రాబ్యూటైల్ అమోనియం అయాన్లను ఉంచితే వచ్చేది ఇదే. ప్రోటాన్లు ఎక్కువైతే టైటానియాలో ఎలక్ట్రాన్లు సంచరించే శక్తి స్థాయి (వాహక పట్టీ) కిందికి జరిగి వోల్టేజి పడిపోతుంది, మరీ తక్కువైతే కరెంటు తగ్గుతుంది. రెండింటికీ ఇందులో సమతూకం కుదిరింది. బ్లాక్ డై అనే మరో రుథేనియం రంగు సుమారు 920 నానోమీటర్ల వరకు కాంతిని పట్టగలిగినా, దాని శోషణ బలహీనం కావడం వల్ల మందమైన పొర కావాలి. జింక్ చుట్టూ వలయం ఉండే పార్ఫిరిన్ రంగుల సంగతి వేరు: అక్కడ కాంతిని పట్టేది లోహం కాదు, దాని చుట్టూ ఉన్న వలయం. వాటి శోషణ చాలా బలమైనది. కోబాల్ట్ విద్యుద్విశ్లేష్యంతో 2014లో సామర్థ్యాన్ని 13 శాతం వరకు తెచ్చినవి అవే. అయితే ఆ చదునైన అణువులు ఒకదానిపై ఒకటి పేరుకొని, గ్రహించిన శక్తిని టైటానియాకు చేర్చకుండానే పోగొట్టుకుంటాయి గనుక, వాటికి అలా పేరుకోకుండా అడ్డుపడే కీనోడియాక్సీకోలిక్ ఆమ్లాన్ని తోడుగా కలపడం తప్పనిసరి అనే చెప్పాలి.

ద్రావణానికి ఎసిటోనైట్రైల్, టెర్షియరీ బ్యూటనాల్ సమాన ఘనపరిమాణాల్లో తీసుకోండి. టెర్షియరీ బ్యూటనాల్ సుమారు 25 డిగ్రీల వద్దే గడ్డకడుతుంది, కాబట్టి చలికాలపు ఉదయం సీసాలో అది తెల్లని గడ్డగా కనిపిస్తే పాడైందని పారబోయకుండా, మూత బిగించి గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచితే కరుగుతుంది. ఎన్719 అణుభారం సుమారు 1,189. అందువల్ల 50 మిల్లీలీటర్ల 0.3 మిల్లీమోలార్ ద్రావణానికి 17.8 మిల్లీగ్రాములు సరిపోతాయి. చేతికి నైట్రైల్ గ్లోవ్స్ వేసుకొని, ఫ్యూమ్ హుడ్‌లోనే పనిచేయండి. రంగు అడుగున మిగలకుండా పూర్తిగా కరిగేవరకు చీకటిలో కలియబెట్టాలి. కరగని రేణువులు పొర మీద మచ్చలుగా నిలిచిపోతాయి.

వాహక గాజు మీద పూసిన 10 నుంచి 12 మైక్రోమీటర్ల టైటానియా పొరను 500 డిగ్రీల వద్ద అరగంట కాల్చాక, పూర్తిగా చల్లారనివ్వకూడదు. వేడి 80 డిగ్రీలకు దిగగానే పలకను పట్టకారుతో అంచున పట్టుకొని, పొర పైకి ఉండేలా ద్రావణంలోకి జార్చాలి. చల్లారిన టైటానియా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రంగు అతుక్కోవలసిన చోట్లను నీరు ఆక్రమిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర నగరాల్లో, అందులోనూ వర్షాకాలంలో, ఈ జాగ్రత్త మరింత అవసరం. పాత్రకు మూత పెట్టి గది ఉష్ణోగ్రత వద్ద చీకటిలో 16 నుంచి 24 గంటలు ఉంచితే పొర ముదురు ఎరుపుకు తిరుగుతుంది.

తీసిన పలకను ఎసిటోనైట్రైల్‌తో కడిగి, అంటుకోకుండా పైపైన నిలిచిన రంగును వదిలించాలి; కడుగు ద్రవం రంగు లేకుండా జారేవరకు కడగండి. నీటితో మాత్రం కడగకూడదు, అది అతుక్కున్న రంగును కూడా ఊడదీస్తుంది. నత్రజనితో ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా ప్లాటినం ఎలక్ట్రోడ్‌తో జతచేసి మూసేయాలి.

గాజును వెనుక నుంచి చూసినప్పుడు ఎక్కడైనా లేత మచ్చ కనిపిస్తే అక్కడ రంగు చొరలేదన్నమాట. అయితే కంటి అంచనా చాలదు, ఎంత రంగు ఎక్కిందో కొలవాలి. అదే విడతలో అద్దిన ఒక చదరపు సెంటీమీటరు పొరను 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 5 మిల్లీలీటర్లలో ముంచితే రంగంతా దిగిపోతుంది. ఆ ద్రావణాన్ని కాంతి ఒక సెంటీమీటరు దూరం దాటేలా ఉండే పారదర్శక పాత్రలో (క్యువెట్‌లో) పోసి, 500 నానోమీటర్లకు కొంచెం పైన వచ్చే శిఖరం వద్ద శోషణను చూడండి. అక్కడ మోలార్ శోషణ గుణకం సుమారు 14,000. శోషణ 0.28 వచ్చిందనుకుంటే గాఢత లీటరుకు 20 మైక్రోమోల్‌లు, అంటే పొర మీద ఉన్నది 0.1 మైక్రోమోల్. ఈ మందానికి అది తగిన మోతాదే. అందులో సగం కూడా రాకపోతే ద్రావణాన్ని అనుమానించే ముందు, పొరను కాల్చిన ఉష్ణోగ్రతనూ, ముంచేటప్పటి తేమనూ సరిచూసుకోండి.