మీ ఊరి రాకాసిగూడును కాపాడుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మీ ఊరి పొలిమేరలో, గుట్ట పక్కన, ఎవరూ దున్నని ఒక మూలన పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా పాతినట్టు ఉండి, మధ్యలో రాళ్లకుప్ప కాస్త ఎత్తుగా కనిపిస్తుందా? పెద్దవాళ్లు దాన్ని రాకాసిగూడు అనో పాండవుల గుడి అనో అంటారా? అయితే అది రెండున్నర, మూడు వేల ఏళ్ల కిందటి సమాధి కావచ్చు. చరిత్రకారులు బృహత్ శిలాయుగం అంటారు, కొందరు పెద్దరాతి యుగం అంటారు. మన దగ్గర ఇనుము వాడకం మొదలైన కాలం అది. తెలంగాణలో, రాయలసీమలో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి, చాలావాటికి బోర్డు లేదు, కంచె లేదు, రికార్డుల్లో పేరు కూడా లేదు.

మేము సిద్దిపేట వైపు ఒక ఊళ్లో నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాం. ఇద్దరు టీచర్లు, ఒక గొర్రెల కాపరి, కొంతమంది ఇంటర్ పిల్లలు, నేను. ఊరి పేరు ఎందుకు రాయడం లేదో కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు ఒక మాట. తవ్వకండి. "కొంచెం మట్టి తీసి చూద్దాం" అని కూడా అనుకోవద్దు. గడ్డపార ఇంట్లోనే పెట్టి రండి. అనుమతి లేకుండా తవ్వడం చట్టరీత్యా తప్పు, అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఏంటంటే, సమాధిలో ఏ కుండ ఏ మూలన ఉంది, దాని పక్కన ఏముంది, ఎముకలు ఏ దిక్కుకు ఉన్నాయి, పైన మట్టి ఎన్ని పొరలుగా ఉంది, ఇవన్నీ కలిస్తేనే అక్కడ ఏం జరిగిందో తెలుస్తుంది. కుండను బయటికి తీసి కడిగి అల్మారాలో పెడితే అది ఉత్త కుండే. 2017లో మన రాష్ట్ర పురావస్తు శాఖ సిద్దిపేట జిల్లా నర్మెట్టలో ఒక సమాధి తవ్వినప్పుడు, దాని మీది కప్పురాయి 40 టన్నుల పైచిలుకు బరువుంటే, క్రేన్ పెట్టి లేపాల్సి వచ్చింది. లోపల దొరికిన ఎముకలను డీఎన్ఏ పరీక్ష కోసం హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి పంపారు. మనం చేయి పెట్టినా, మన ఉమ్మి తుంపర పడినా అలాంటి పరీక్ష పాడయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి మన పని నేల పైన కనిపించేదాన్ని పూర్తిగా రాసి పెట్టడం, అది చెదిరిపోకుండా చూసుకోవడం. వినడానికి చిన్న పనిలా ఉంటుంది కానీ, చేసేవాళ్లు లేక ఎన్నో సమాధులు క్వారీల్లో, ప్లాట్లలో కలిసిపోయాయి.

ఇక గుర్తుపట్టడం. పొలం గట్టు మీద ఏరిపోసిన రాళ్లకుప్పకీ, సమాధికీ తేడా తెలియాలి కదా. రైతు ఏరిపోసిన కుప్పలో చిన్నా పెద్దా రాళ్లు ఎలాపడితే అలా ఉంటాయి, అడుగున వలయం ఉండదు. సమాధికి చాలావరకు చుట్టూ పెద్ద గుండ్ల వలయం ఉంటుంది, సగం రాళ్లు పోయినా మిగిలినవాటిని బట్టి వంపు తెలుస్తుంది. కొన్నిచోట్ల నాలుగు పక్కలా రాతి సలపలు, అంటే రాతి పలకలు, నిలబెట్టి పైన ఒక పెద్ద బండ కప్పి ఉంటుంది, గూడులాగా. దాన్ని డాల్మెన్ అంటారు. ములుగు జిల్లా దామరవాయి దగ్గర అడవిలో ఉన్నవి అలాంటివే. కొన్నిటికి ఒక సలపకు గుండ్రటి కంత ఉంటుంది, ఉంటే అది ఏ దిక్కుకు ఉందో తప్పకుండా రాసుకోండి. కొన్నిచోట్ల ఒంటరిగా నిలువురాళ్లు ఉంటాయి. నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి వెళ్లాయి, అక్కడ ఒక బండ మీద సప్తర్షి మండలం ఆకారంలో చిన్న చిన్న గుంటలు చెక్కి ఉన్నాయి. మీ దగ్గర కూడా బండల మీద ఇలాంటి గుంటలు ఉన్నాయేమో పొద్దున పూట, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడండి. మధ్యాహ్నం పన్నెండు గంటలకు వెళ్తే ఏమీ కనపడవు.

చుట్టుపక్కల దున్నిన చేలో వాన పడ్డాక నడవండి. కుండపెంకులు తేలతాయి. మొదటి వానాకాలంలో మా కాపరి తాత ఒక పెంకు చూపించాడు, అరచేయంత ఉంది, బయటవైపు ఎర్రగా, లోపల నల్లగా, అంచు కూడా నల్లగా, వేలితో రాస్తే కుమ్మరి నిన్న మెరుగుపెట్టినట్టు నున్నగా ఉంది. కుండను ప్రత్యేకమైన పద్ధతిలో కాలిస్తే అలా రెండు రంగులు వస్తాయట, నలుపు-ఎరుపు మట్టిపాత్రలు అంటారు వాటిని. ఈ కాలపు సమాధుల దగ్గర మామూలుగా దొరికేవి అవే. ఫోటో తీసుకుని పెంకును తీసినచోటే పెట్టేశాం. మీరూ అదే చేయండి, సంచిలో వేసుకుని రావద్దు. ఇనుప చిట్టెం, అంటే ఇనుము కరిగించగా మిగిలిన గడ్డలు, కనిపించినా అంతే. ఇంకో సంగతి, ఊరికి కాస్త దూరంలో బూడిద రంగు మట్టితో ఒక దిబ్బ ఉండి, దాని మట్టిని రైతులు ఎరువుగా తోలుకుంటుంటే అది పాటిగడ్డ, అంటే పాత ఊరు. సమాధిలో ఉన్నవాళ్లు బతికిన చోటు అదే కావచ్చు. దాన్నీ మీ నోట్సులో రాయండి, ఎందుకంటే సమాధుల గురించి అడిగేవాళ్లున్నారు కానీ పాటిగడ్డలు ఎవరికీ పట్టకుండానే ట్రాక్టర్లలో వెళ్లిపోతున్నాయి.

ఫోన్ తీసే ముందు మనుషులతో మాట్లాడండి. ఇక్కడ తొందరపడకండి. గొర్రెలు, మేకలు కాసేవాళ్లకు ఊరి నేల మనకంటే బాగా తెలుసు. "ఇక్కడ ఏమైనా చారిత్రక సమాధులు ఉన్నాయా" అని అడిగితే లేవనే అంటారు. "తాతా, ఈ గుండ్లను ఏమంటారే? ఇంకెక్కడైనా ఇట్లాంటివి చూసినవా?" అని అడగండి. మాకు తెలిసింది మూడే వలయాలు, తాత మమ్మల్ని వెంటబెట్టుకుని పదకొండు చూపించాడు. ఏ రాళ్లు ఎవరి ఇంటి పునాదికి పోయాయి, ఏవి కడీలకు, అంటే కంచె రాళ్లకు, కొట్టుకుపోయారు, ఎప్పుడు పోయారు, అది కూడా ఆయనే చెప్పాడు. ఈ మాటలన్నీ తేదీతో సహా రాసుకోండి, ఒప్పుకుంటే రికార్డ్ చేయండి. ఏదైనా రాయికి పసుపు కుంకుమ పెట్టి మొక్కుతుంటే దాని జోలికి వెళ్లకండి. మొక్కే రాయిని ఎవరూ పగలగొట్టరు, ఆ భక్తే దానికి కాపలా.

ఇప్పుడు కొలతలు. కావలసినవి ఎక్కువేం లేవు. 30 మీటర్ల టేపు, ఒక మీటరు కర్ర (20 సెంటీమీటర్లకు ఒకసారి ఎరుపు, తెలుపు రంగు వేసుకోండి), గ్రాఫ్ కాగితం, పెన్సిలు, ఫోన్. వలయాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకసారి, తూర్పు నుంచి పడమరకు ఒకసారి అడ్డంగా కొలవండి, రెండూ ఒకేలా ఉండకపోవచ్చు, రెండూ రాయండి. ఉత్తరం వైపు రాయిని ఒకటో నంబరు అనుకుని గడియారం ముల్లు తిరిగినట్టు లెక్కపెట్టుకుంటూ ఒక్కో రాయి పొడవు, వెడల్పు, నేల పైకి ఉన్న ఎత్తు రాయండి. నంబర్లు కాగితం మీదే వేయండి, రాయి మీద సుద్దతో గానీ పెయింటుతో గానీ ఏదీ రాయొద్దు. గ్రాఫ్ మీద ఒక సెంటీమీటరుకు ఒక మీటరు లెక్కన బొమ్మ గీయండి. రాయి పోయిన చోట చుక్కల గీత పెట్టండి. కప్పురాయి ఉంటే దాని మందం కూడా కొలవండి, ఎందుకంటే దాన్నిబట్టి బరువు అంచనా వేయొచ్చు. గ్రానైటు ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు ఉంటుంది. మా దగ్గర ఒక బండ 3.2 మీటర్ల పొడవు, 2.5 వెడల్పు, 0.4 మందం. గుణిస్తే 3.2 ఘనపు మీటర్లు, అంటే ఎనిమిదిన్నర టన్నులకు పైమాటే. యంత్రాలు లేని రోజుల్లో దాన్ని అక్కడిదాకా ఎలా తెచ్చి ఎలా ఎక్కించారో అని మా ఇంటర్ పిల్లలు ఆ సాయంత్రమంతా అక్కడే కూర్చుని వాదించుకున్నారు, ఇళ్లకు పంపడానికి మా తల ప్రాణం తోకకు వచ్చింది.

ఫోటోలు నాలుగు దిక్కుల నుంచీ తీయండి, మీటరు కర్ర ప్రతి ఫోటోలో ఉండాలి. ఒక ఫోటో దూరం నుంచి, గుట్టో చెరువో తాటిచెట్టో కనపడేలా తీయండి. మ్యాప్‌లో ఆ చోట వేలు కాసేపు నొక్కి పెడితే అక్షాంశం, రేఖాంశం అంకెలు వస్తాయి, అవి రాసుకోండి. తర్వాత కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూడండి. మా సమాధుల వైపు క్వారీ ఎన్నేళ్లలో ఎంత జరిగిందో ఆ చిత్రాల్లో కళ్లకు కట్టినట్టు కనిపించింది, ఆఫీసుల్లో మేము చెప్పిన మాటలన్నిటికంటే ఆ రెండు ప్రింట్లే ఎక్కువ పని చేశాయి.

భూమి ఎవరిదో తెలియకుండా అర్జీ పెట్టకండి. సర్వే నంబరు లేని అర్జీ ఏ టేబుల్ మీదా కదలదు. తెలంగాణలో భూభారతి, ఆంధ్రలో మీభూమి వెబ్‌సైటులో చూడొచ్చు, గ్రామ నక్షా, పాత పహాణీ ఎమ్మార్వో ఆఫీసులో అడగొచ్చు. ప్రభుత్వ భూమి అయితే పని కొంచెం సులువు. పట్టా భూమి అయితే ముందు ఆ రైతు ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడండి. "నా భూమి గుంజుకుంటరా?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్న. దాచకుండా చెప్పండి. కేంద్ర ప్రభుత్వ రక్షిత కట్టడం అయితే చుట్టూ 100 మీటర్లలో కొత్తగా కట్టడానికి వీల్లేదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. రాష్ట్ర రక్షణలోకి వస్తే రాష్ట్ర చట్టం ప్రకారం ఉంటుంది, తెలంగాణకు 2017 వారసత్వ చట్టం, ఆంధ్రకు 1960 చట్టం. రైతుకు చెప్పకుండా పైకి అర్జీ పెడితే ఆయన భయంతో రాత్రికి రాత్రే జేసీబీ పెట్టి చదును చేసేస్తాడు, ఇది మా పక్క ఊళ్లోనే జరిగింది. అందులో ఆయన్ని తప్పుపట్టలేను.

అర్జీ రెండు పేజీలు దాటొద్దు. రాష్ట్ర పురావస్తు శాఖ డైరెక్టర్‌కు రాసి, కలెక్టర్‌కు, తహసీల్దార్‌కు కాపీలు ఇవ్వండి. సర్వే నంబరు, ఎన్ని సమాధులు, కొలతలు, ఫోటోలు, ఎటునుంచి ముప్పు ఉంది, మీరు ఏం కోరుతున్నారు. కోరేది కూడా స్పష్టంగా ఉండాలి: పరిశీలనకు ఒక అధికారిని పంపమని, క్వారీ లీజు ఇచ్చే ముందు ఈ సర్వే నంబరును పక్కన పెట్టమని. గ్రామసభ తీర్మానం జత చేస్తే బరువు పెరుగుతుంది. చేతికిచ్చి కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. జవాబు రాకపోతే నెలకు మళ్లీ వెళ్లండి, తర్వాత సమాచార హక్కు కింద "మా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు" అని అడగండి. కొత్త తెలంగాణ చరిత్ర బృందం లాంటి ఔత్సాహికుల బృందాలు ఊళ్లు తిరిగి ఇలాంటివి వెలికితీస్తుంటాయి, యూనివర్సిటీ చరిత్ర, పురావస్తు విభాగాల్లో అధ్యాపకులు ఉంటారు. మీ గ్రాఫ్ బొమ్మ చూపిస్తే వాళ్లు ఊరికే పోనివ్వరు.

ఇప్పుడు ఊరి పేరు సంగతి. రెండో ఏడు మా కుర్రాడు ఒకడు సంబరంగా ఫోటోలు, లొకేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కడినుంచి ఎటెటు వెళ్లిందో తెలియదు. మూడు వారాలకు, అమావాస్య తెల్లారి తాత ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే ఏడో నంబరు వలయం మధ్యలో నడుములోతు గొయ్యి, గట్టు మీద కోసిన నిమ్మకాయలు, కుంకుమ. ఒక రాతి సలప విరిగిపడి ఉంది. మట్టికుప్పలో నలుపు-ఎరుపు కుండ ముక్కలు ముక్కలు, వాటి మధ్య ఒక మనిషి దవడ ఎముక, రెండు పళ్లు ఇంకా దానికే ఉన్నాయి. మూడు వేల ఏళ్లు ఎవరూ కదపని మనిషిని బంగారం కోసం తీసి పారేశారు. ఆ పొద్దున మాలో ఎవరమూ చాలాసేపు మాట్లాడలేదు. కాబట్టి కచ్చితమైన చోటు బయట పెట్టకండి, ఫోటోలో లొకేషన్ ఆపేయండి. ఊళ్లో అందరికీ మాత్రం చెప్పండి, ఇందులో నిధులు లేవని, ఉండేవి కుండలు, తుప్పు పట్టిన ఇనుము, పూసలు, ఎముకలు అని. స్కూల్లో పిల్లలకు చెబితే ఇంటింటికీ చేరుతుంది.

అలాంటిది జరిగినా, పొలం పనుల్లో అనుకోకుండా ఏదైనా బయటపడినా, పని ఆపించి ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీయండి. దేన్నీ ఎత్తకండి, కడగకండి. వాన వచ్చేలా ఉంటే శుభ్రమైన గుడ్డ పరిచి పైన మెత్తటి మట్టి కప్పండి, దాని మీద టార్పాలిన్. ఎముకలు ఉంటే పోలీసులకు, తహసీల్దార్‌కు వెంటనే చెప్పండి. భూమిలో పది రూపాయలకు మించి విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది, అది ఇప్పటికీ అమల్లో ఉంది. మేము ఆరోజే ఫిర్యాదు ఇచ్చాం, వారానికి శాఖ నుంచి ఒకాయన వచ్చి చూసి, రాసుకుని, గొయ్యి పూడ్పించారు.

చివరగా, ఇది ఒక ఆదివారంతో అయిపోయే పని కాదు. ప్రతి సంక్రాంతి సెలవుల్లో, గడ్డి ఎండిపోయి రాళ్లు బాగా కనిపించేటప్పుడు, పోయినేడు నిలబడిన చోటే నిలబడి అవే ఫోటోలు మళ్లీ తీయండి, రాళ్లు మళ్లీ లెక్కపెట్టండి. మేము నాలుగో రాయి పక్కనున్న తంగేడు పొద దగ్గర నిలబడతాం. మొన్న జనవరిలో మూడో నంబరు వలయంలో పద్నాలుగు రాళ్లు లెక్క తేలాయి. పోయినేడూ పద్నాలుగే.