నా చేతిలో ఉన్నదేంటో తేల్చుకున్నాక

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా టైలరింగ్ షాపులోకీ నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక కూడా నేను తేరుకోలేదు. ఎవరైనా వచ్చి ఏదైనా చేస్తారేమోనని ఎదురుచూపు, రాత్రుళ్లు టెన్షన్.

మా అక్క కూతురు సైకాలజీ చదువుతోంది. రాటర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1966లో ప్రచురించిన ఒక ప్రశ్నావళి గురించి చెప్పింది. జరిగేది మన ప్రయత్నాన్ని బట్టి ఉంటుందని నమ్ముతామా, లేక అదృష్టం చేతిలో, ఇతరుల చేతిలో ఉందని నమ్ముతామా అన్నది అది కొలుస్తుందట. అది విని నోటుబుక్కు తీసి పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమవైపు వాన, గండ్లు. కుడివైపు నేను చేయగలిగినవి. ఆ వైపు మొదట ఒక్కటే రాయగలిగాను: మిషన్ విప్పి చూడాలి.

విప్పాను. బురద కడిగి, కిరోసిన్‌తో తుడిచి, బాగా ఆరబెట్టి, కదిలే ప్రతి చోటా మిషన్ ఆయిల్ వేశాను. మోటారుకి మాత్రం మెకానిక్ చూసేదాకా కరెంటు ఇవ్వలేదు, తడి మీద ఇస్తే కాలిపోతుంది. కాలితో తొక్కే మిషన్ మళ్లీ తిరిగిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత, బట్టలు పాడైన కస్టమర్లకి నేనే ఫోన్ చేశాను. అన్నిటికన్నా కష్టమైన పని అదే.

బాధ్యత తీసుకోవడమంటే వరద నా తప్పని ఒప్పుకోవడం కాదు. పరిహారం అడగడమూ మానలేదు. దరఖాస్తు పెట్టడం కుడివైపు రాశాను, అది వస్తుందా రాదా అన్నది ఎడమవైపు.

ఇప్పుడు వానాకాలం మొదలవగానే కస్టమర్ల బట్టలు అటక మీదకి ఎక్కిస్తున్నాను. స్విచ్ బోర్డు కూడా పైకి మార్పించాను.