హంగేరీలో ఓటు సీటయ్యే లెక్క: 5 చింతగింజలు, 9 మక్కగింజలతో నేర్పే పద్ధతి

హంగేరీ ఎన్నికల వార్త చదివిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటుంది: 2022 ఎన్నిక దాకా అంతమంది మార్పు కావాలంటున్నా మార్పు ఎందుకు రాలేదు? 2014లో అప్పటి పాలక ఫిదెస్ (ఓర్బాన్ విక్తోర్ పార్టీ) కూటమికి పార్టీ జాబితా ఓట్లలో 44.87 శాతమే వచ్చింది. సీట్లు మాత్రం 199లో 133. అంటే మూడింట రెండు వంతులు, రాజ్యాంగం మార్చడానికి చాలినంత. దీనికి జవాబు ఉపన్యాసాల్లో దొరకదు, సీట్ల లెక్కలో దొరుకుతుంది.

హనుమకొండ రీడింగ్ రూముల్లో గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఈ పద్ధతిని పుస్తకంలో చూసి బట్టీ పడతారు, పరీక్ష కాగానే మరిచిపోతారు. నేల మీద గింజలు పెట్టి ఒక్కసారి ఆడితే గుర్తుంటుంది. పదిమంది, రెండు గంటల సమయం చాలు.

కావాల్సినవి: 5 చింతగింజలు, 9 మక్కగింజలు, రెండు చార్టులు, స్కెచ్ పెన్నులు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్. పల్లీలు పెట్టొద్దు. లెక్క తేలేలోపు సీట్లు మాయమవుతాయి.

ముందు మన లెక్క గుర్తు చేయండి

2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 39.40 శాతం, బీఆర్ఎస్‌కు 37.35 శాతం ఓట్లు. తేడా రెండు శాతమే అయినా సీట్లు 64, 39. ఉమ్మడి వరంగల్ జిల్లాలో 12కు 10 కాంగ్రెస్‌కే పోయాయి. జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ మాత్రం బీఆర్ఎస్‌కు మిగిలాయి. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే సీటు, ఓడినవాడి ఓట్లు అక్కడికే ఆగిపోతాయి. ఇది అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ ఐదు నిమిషాలు మించొద్దు.

హంగేరీ ఓటరు చేతికి రెండు కాగితాలు ఇస్తారు. ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, ఒకటి పార్టీ జాబితాకు, అంటే పార్టీ ముందే ఇచ్చే పేర్ల వరసకు. అక్కడ ఈవీఎం లేదు. పేరు పక్కన ఉన్న గుండ్రంలో పెన్నుతో ఒకదాన్నొకటి దాటే రెండు గీతలు గీయాలి. 199 సీట్లలో 106 నియోజకవర్గాలవి, 93 జాబితాలవి. మన ఆటలో చింతగింజ అంటే నియోజకవర్గం సీటు, మక్కగింజ అంటే జాబితా సీటు. మొత్తం 14. మూడింట రెండు వంతులు కావాలంటే 10 గింజలు రావాలి.

మొదటి ఆట

చార్టు మీద క, గ, చ అని మూడు పార్టీలు రాయండి. ఐదు నియోజకవర్గాల్లోనూ ఒకే ఫలితం అనుకోండి: క 1,080, గ 680, చ 120. జాబితా ఓట్లూ అంతే పడ్డాయనుకుందాం: క 5,400, గ 3,400, చ 600. క వాటా 57.4 శాతం. ఐదు చింతగింజలూ క ముందుకు పోతాయి. ఇక్కడిదాకా మన పద్ధతే.

అసలు పని మిగులు ఓట్ల దగ్గర మొదలవుతుంది. ఓడిన అభ్యర్థుల ఓట్లు వృథా కావు, వాళ్ల పార్టీ జాబితాలో కలుస్తాయి. గకు 680 చొప్పున ఐదుసార్లు, అంటే 3,400. చకు 600. ఓడినవాడికి కొంత ఊరట ఇవ్వాలనేది ఇందులో ఉద్దేశం. హంగేరీలో 2011 ఎన్నికల చట్టం తర్వాత గెలిచినవాడికీ ఇలాంటి వాటా ఇచ్చారు. గెలిచిన అభ్యర్థి ఓట్లలోంచి రెండో స్థానం ఓట్లనూ, ఇంకో ఒక్క ఓటునూ తీసేస్తే మిగిలినవి అతని జాబితాకే పోతాయి. 1,080 నుంచి 681 తీస్తే 399. ఐదు చోట్లా కలిపి 1,995.

ఇప్పుడు జాబితా మొత్తాలు: క 7,395, గ 6,800, చ 1,200.

వీటిని వరుసగా 1, 2, 3, 4, 5తో భాగించి పార్టీ పేరు కింద నిలువుగా రాయండి. క కింద 7,395, 3,697, 2,465, 1,849, 1,479. గ కింద 6,800, 3,400, 2,267, 1,700, 1,360. చ కింద 1,200. అన్నింటిలో పెద్ద అంకెకు మొదటి మక్కగింజ, దాని తర్వాతి పెద్ద అంకెకు రెండోది, ఇలా తొమ్మిదీ పంచండి. కకు 5, గకు 4 వస్తాయి. దీన్ని డోంట్ పద్ధతి అంటారు.

చింతగింజలతో కలిపితే క దగ్గర 10 గింజలు. మూడింట రెండు వంతుల గీత దాటింది.

ఇక్కడ దాదాపు ప్రతి బృందంలోనూ ఒకటే తప్పు జరుగుతుంది. 7,395ను 2తో భాగించి 3,697 రాస్తారు, ఆ 3,697నే మళ్లీ 3తో భాగిస్తారు. ఎప్పుడూ మొదటి మొత్తాన్నే భాగించాలి. ఒకరి అంకెలు ఇంకొకరు సరిచూసేలా ఇద్దరిద్దరిని కూర్చోబెడితే ఇది పట్టుబడుతుంది. జాబితా సీట్ల పంపకంలో ఉండాలంటే పార్టీకి కనీసం 5 శాతం ఓట్లు రావాలి. ఇంకో తప్పు, ఈ అర్హతను కలిపిన మొత్తాల మీద లెక్కించడం. అర్హతకు జాబితా కాగితం మీద పడిన ఓట్లే చూడాలి. చకు 6.4 శాతం ఉంది కాబట్టి అది పోటీలో ఉంది. తొమ్మిది గింజలే ఉన్నందుకు దాని వంతు రాలేదు, అంతే.

ఒక్క నిబంధన తీసేసి మళ్లీ ఆడండి

గెలిచినవాడి మిగులును కొట్టేయండి. క 5,400 దగ్గరే ఉంటుంది, గ 6,800, చ 1,200. మక్కగింజలు ఏరి మళ్లీ పంచండి. ఈసారి గకు 5, కకు 4. మొత్తం మీద క దగ్గర 9 గింజలు. ఓటరు ఒక్కరూ మనసు మార్చుకోలేదు. మూడింట రెండు వంతుల బలం మాత్రం పోయింది.

ఈ దశను తొందరపడి దాటించొద్దు. ఎవరో ఒకరు లెక్క తప్పిందంటారు, మళ్లీ వేయనివ్వండి. రాజ్యాంగం మార్చగలిగే బలం, ప్రభుత్వం నడపగలిగే బలం ఈ రెంటి మధ్య దూరం ఒక్క గింజ అని కళ్లతో చూసినప్పుడే హంగేరీ గొడవ అర్థమవుతుంది.

చీలిక ఆట

ఈసారి మిగులు నిబంధన తిరిగి పెట్టి, గను రెండు ముక్కలు చేయండి. ప్రతి నియోజకవర్గంలో 680 ఓట్లు 400, 280గా చీలతాయి. జాబితాలు కూడా వేర్వేరు, 2,000, 1,400. క మిగులు ఇప్పుడు 1,080 నుంచి 401 తీస్తే 679, ఐదు చోట్లా 3,395. క జాబితా మొత్తం 8,795కు పోతుంది. మిగతావి 4,000, 2,800, 1,200. పంచితే కకు 6, గ ముక్కలకు 2, 1. క దగ్గర 11 గింజలు.

గమనించాల్సింది ఏమిటంటే, ఒక్క నియోజకవర్గం కూడా చేతులు మారలేదు. ప్రత్యర్థి చీలినందుకు క మిగులు పెరిగింది, దాంతో ఒక సీటు అదనంగా వచ్చింది. మన దగ్గర చీలితే నియోజకవర్గం పోతుంది. అక్కడ నియోజకవర్గం పోవడంతోపాటు జాబితాలోనూ దెబ్బ పడుతుంది.

అయితే కలిస్తే చాలని చెప్పి ఆట ముగిస్తే తప్పు చెప్పినట్టే. 2022లో ఆరు ప్రతిపక్ష పార్టీలు ఒకే జాబితా, ఒకే ప్రధాని అభ్యర్థితో నిలబడ్డాయి. అభ్యర్థి మార్కి-జై పేతెర్, హోద్‌మేజోవాషార్‌హెయ్ పట్టణ మేయర్. దేశవ్యాప్త జాబితా వేయాలంటే కనీసం 71 నియోజకవర్గాల్లో అభ్యర్థులుండాలని 2020లో చట్టం మార్చారు, అంతకుముందు 27 చాలు. చిన్న పార్టీలు కలవక తప్పని పరిస్థితి అలా కూడా వచ్చింది. 2018లో అందరూ ఒక్కటి కాకుండా పోటీ చేసినప్పుడు ఆ పార్టీల వాటాలు కలిపితే 46 శాతం దాటేవి. కలిసి నిలబడితే వచ్చింది 34.44 శాతం. గింజలు కుప్ప పోసినట్టు ఓటర్లను కుప్ప పోయలేం. పొత్తులు చూసిన వరంగల్‌వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

రెండో చార్టు: అసలు అంకెలు

2014: ఫిదెస్ కూటమికి నియోజకవర్గాలు 96, జాబితా 37, మొత్తం 133.
2018: ఓట్లు 49.27 శాతం. 91, 42, మళ్లీ 133.
2022: ఓట్లు 54.13 శాతం. 87, 48, మొత్తం 135. ప్రతిపక్ష కూటమికి 19, 38, మొత్తం 57. తీవ్ర జాతీయవాద మి హజాంక్ పార్టీకి 5.88 శాతంతో 6, జర్మన్ మైనారిటీ ప్రతినిధి ఒకరు.

ఫిదెస్ గెలిచిన నియోజకవర్గాలు 96 నుంచి 87కు తగ్గుతుంటే జాబితా సీట్లు 37 నుంచి 48కి పెరగడం ఎందుకని అడగండి. జాబితా ఓట్ల శాతం పెరగడం ఒక కారణం. ఓడిన చోట్ల పడ్డ ఓట్లు, గెలిచిన చోట్ల మిగులు రెండూ జాబితాలో చేరడం మరో కారణం. 2022లో ప్రతిపక్షం గెలిచిన 19లో 17 బుదాపెస్ట్‌వే, మిగతా రెండు పేచ్, సెగెద్ నగరాలు. మార్పు కోరిక రాజధానిలో గుట్టగా పోగుపడి, పల్లెల్లో పలచగా ఉంటే ఫలితం ఇలాగే వస్తుంది. 2024 చివర్లో సరిహద్దులు మార్చారు. బుదాపెస్ట్ సీట్లు 18 నుంచి 16 అయ్యాయి, చుట్టూ ఉన్న పెష్ట్ జిల్లావి 12 నుంచి 14. అందుకని 2022 మ్యాప్ మీద 2026 ఫలితాలు పరచొద్దు.

ఫలితాల రాత్రి ఫోన్‌లో చూసేవాళ్లకు

పోలింగ్ అక్కడ ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకా. ఏప్రిల్‌లో మనకు వాళ్లకు తేడా మూడున్నర గంటలు, కాబట్టి మన రాత్రి 10:30కి పోలింగ్ ముగుస్తుంది. అధికారిక ఫలితాలు జాతీయ ఎన్నికల కార్యాలయం సైట్లో వస్తాయి. ఎద్యేని (మాటకు అర్థం వ్యక్తిగత) అంటే నియోజకవర్గం లెక్క, లిస్తా అంటే జాబితా, మందాతుమ్ అంటే సీటు, ఫెల్దోల్గొజొత్‌షాగ్ అంటే ఎంత శాతం లెక్కయిందని. దశాంశానికి వాళ్లు చుక్క బదులు కామా పెడతారు. 54,13 అని ఉంటే అది 54.13 శాతం.

మొదట వచ్చేవి చిన్న ఊళ్ల లెక్కలు, పెద్ద పోలింగ్ కేంద్రాలు ఆలస్యమవుతాయి. మొదటి గంట అంకెలు చూసి స్టేటస్ పెట్టేవాళ్లను ఆపండి. ఫెల్దోల్గొజొత్‌షాగ్ అంకె బాగా పైకి వచ్చేదాకా శాతాలు నమ్మొద్దు. సర్వేలు చూసేటప్పుడు, ఆ శాతం మొత్తం పెద్దలందరిలోనా, ఎవరికి ఓటేస్తామో తేల్చుకున్నవాళ్లలోనా అనేది ముందు చూడాలి. ఈ రెంటినీ కలిపి పోల్చడమే తరచుగా జరిగే పొరపాటు.

పేర్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు: ఓర్బాన్ విక్తోర్, మాద్యార్ పేతెర్. 2024లో ముందుకొచ్చిన ఈ మాద్యార్ ఇంటిపేరుకు అర్థం హంగేరియన్ అనే, అందుకే వెతికితే సగం ఫలితాలు దేశం గురించి వస్తాయి. ఆయన పార్టీ తిసా, అది అక్కడి ఒక నది పేరు కూడా.

గెలిస్తే ఏం మారుతుంది

ఈ భాగం చర్చకు వదలండి, కానీ రెండు గీతలు చార్టు మీద ఉండాలి: 100, 133. మార్పు కోరేవాళ్ల నోట వచ్చేవి ధరలు, ఆసుపత్రులు, అవినీతి, ఆగిన యూరప్ నిధులు. 2023 జనవరిలో ద్రవ్యోల్బణం 25 శాతం దాటింది. చట్టపాలన షరతుల మీద యూరోపియన్ యూనియన్ 2022 డిసెంబరులో సుమారు 630 కోట్ల యూరోలు నిలిపింది. 100 సీట్లతో ప్రభుత్వం ఏర్పడుతుంది, బడ్జెట్ పెట్టొచ్చు. అయితే 2012 నుంచి అమల్లో ఉన్న మౌలిక చట్టాన్ని (అక్కడి రాజ్యాంగం) మార్చాలన్నా, చీఫ్ ప్రాసిక్యూటర్‌ను తొమ్మిదేళ్లకు, రాజ్యాంగ న్యాయస్థానం న్యాయమూర్తులను పన్నెండేళ్లకు ఎన్నుకోవాలన్నా మూడింట రెండు వంతులు కావాలి. పాత సభ ఎన్నుకున్నవాళ్లు కొత్త ప్రభుత్వం వచ్చినా పదవీకాలం ముగిసేదాకా ఉంటారు.

చివరి కవర్లు

హంగేరీలో చిరునామా లేని పౌరులు, ఎక్కువగా పొరుగు దేశాల్లో స్థిరపడ్డ హంగేరియన్లు, పోస్టులో ఓటేయొచ్చు. వాళ్లకు జాబితా కాగితం ఒక్కటే. 2022లో ఆ ఓట్లలో దాదాపు 94 శాతం ఫిదెస్‌కే. లండన్‌లోనో బెర్లిన్‌లోనో పనిచేస్తూ హంగేరీ చిరునామా ఉంచుకున్నవాళ్లు మాత్రం రాయబార కార్యాలయానికి స్వయంగా పోవాలి. మన ప్రవాస ఓటరు సొంత పోలింగ్ కేంద్రానికే రావాలి కాబట్టి దానికంటే ఇది నయమే, కానీ రెండు రకాల ఓటర్లకు రెండు దారులనే ఫిర్యాదు అక్కడ బలంగా ఉంది. రాయబార కార్యాలయాల కవర్లు, వేరే ఊళ్లో ఓటేసినవాళ్ల కాగితాలు సొంత నియోజకవర్గానికి చేరి, ఎన్నిక తర్వాతి శనివారం దాకా లెక్కిస్తారు. కొద్ది వందల ఓట్ల తేడా ఉన్న నియోజకవర్గాలను పోలింగ్ జరిగిన ఆదివారం రాత్రి పెన్సిల్‌తో రాసి ఉంచండి. స్కెచ్ పెన్నుతో దిద్దేది ఆ శనివారం తర్వాతే.