నర్సింగా, న్యూట్రిషనా? బైపీసీ అయిపోయిన మన సిక్కోలు పిల్లల కోసం

ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు, ఇప్పుడు నర్సింగ్‌లో చేరాలా న్యూట్రిషన్‌లో చేరాలా అప్పా అని ప్రతి వేసవిలో ఊర్లో ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. నేను బీఎస్సీ నర్సింగ్ చేసి డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తున్నాను, మా చెల్లి వైజాగ్‌లో న్యూట్రిషన్ చదివి డైటీషియన్ అయింది, రెండూ ఒకే ఇంట్లో చూశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఫీజులు, సీట్లు పక్కన పెట్టండి. ఒకే పేషెంట్ దగ్గర నర్సు ఏం చేస్తుంది, డైటీషియన్ ఏం చేస్తుంది అనేది చూస్తే సగం డౌట్ అక్కడే తీరిపోతుంది.

ఉద్దానం సంగతి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు కదా, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు అంటేనే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. అటు నుంచి మా దగ్గరికి ఒక కొబ్బరి రైతు వచ్చేవాడు. ఆయన రాగానే నేను బరువు చూడాలి, పోయినసారి డయాలసిస్ అయ్యాక ఉన్న బరువుకి ఇప్పటికి ఎన్ని కేజీల నీరు చేరిందో లెక్కేయాలి, బీపీ చూడాలి, చేతికున్న ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) మీద వేళ్ళు పెట్టి లోపల జుయ్‌మని అదురుతోందా లేదా చూడాలి, అప్పుడు రెండు సూదులు గుచ్చి మెషిన్‌కి కలపాలి. అక్కడి నుంచి నాలుగు గంటలు, మధ్యలో ఒక్కసారిగా బీపీ పడిపోయి చెమటలు పట్టేస్తాయి, పిక్కలు పట్టేస్తాయి, ఆ నిమిషంలో ఆయన చేయి పట్టుకుని ఉండేది నర్సే, డాక్టర్‌కి కబురు పెట్టేదీ నర్సే.

మా చెల్లి పని వేరు. ఆయన తనని అడిగాడు, "ఏటమ్మా, తోట నాది, సెట్టు నాది, కొబ్బరి నీళ్ళు కూడా తాగొద్దంటే ఇంకేటి తాగమంటావ్?" కొబ్బరి నీళ్ళల్లో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకే ప్రమాదం, జీడిపప్పుతో కూడా అదే తంటా, పైగా అందులో ఫాస్ఫరస్ కూడా ఎక్కువ. అది చెప్పి ఊరుకుంటే ఆయన వింటాడా, వినడు. అందుకే పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం తింటాడో ఆయన భార్యని కూర్చోబెట్టి అడిగింది, కూరగాయలు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళల్లో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి అప్పుడు కూర వండమంది, రోజుకి తాగొచ్చన్నన్ని నీళ్ళే పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టుకోమంది, డయాలసిస్‌లో ప్రొటీన్ పోతుంది కాబట్టి గుడ్డు తెల్లసొన తినమంది. ఇదంతా ఆ ఇంట్లో అలవాటు అవ్వడానికి మూడుసార్లు కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది.

ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగండి, ఈ రెండింట్లో మీ మనసు ఎటు లాగింది? రక్తం, వాంతులు, బెడ్‌పాన్, నైట్ డ్యూటీ వీటికి అలవాటు పడగలను అనిపిస్తే నర్సింగ్. ఒకే మాట పదిమందికి పది రకాలుగా ఓపిగ్గా చెప్పగలను, లెక్కలు, బయోకెమిస్ట్రీ అంటే భయం లేదు అనిపిస్తే న్యూట్రిషన్. న్యూట్రిషన్ అంటే వంటల కోర్సు కదా అని ఇంట్లో వాళ్ళు అంటే మాత్రం నమ్మకండి, అందులో చదివేది చాలావరకు బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీనే. అలాగే నర్సింగ్ ఆడపిల్లలదే అనుకునే అబ్బాయిలూ, మీరూ చేరొచ్చు.

తర్వాత చూడాల్సింది ఇంటి పరిస్థితి, దీన్ని మొహమాటపడకుండా లెక్కేసుకోండి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, పాసై స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితే వెంటనే డ్యూటీలో చేరొచ్చు, ఎయిమ్స్ వాళ్ళు నర్సింగ్ ఉద్యోగాలకి పెట్టే నార్‌సెట్ పరీక్ష రాయొచ్చు, గల్ఫ్, జర్మనీ, యూకే దారి కూడా ఉంది, కాకపోతే జర్మనీకి భాష నేర్చుకోవాలి. న్యూట్రిషన్ డిగ్రీ ఒక్కటే ఉంటే పెద్ద హాస్పిటల్లో డైటీషియన్ ఉద్యోగం కష్టం, పీజీ, హాస్పిటల్ ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత ఇండియన్ డయటెటిక్ అసోసియేషన్ వాళ్ళ ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష, ఇంత దూరం వెళ్తేనే గట్టిగా నిలబడతారు. మా చెల్లి సంపాదన మొదలయ్యేసరికి నేను ఉద్యోగంలో పాతబడిపోయాను. ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ ఉంది, హైదరాబాద్‌లో ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ)లో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉంది, అంతవరకు చదివించే ఓపిక ఇంట్లో ఉందా లేదా ముందే మాట్లాడుకోండి.

ఎటూ తేల్చుకోలేకపోతే నా సలహా నర్సింగే. ఎందుకంటే నర్సింగ్ సిలబస్‌లోనే న్యూట్రిషన్ ఒక సబ్జెక్టు ఉంది, తర్వాత ఇష్టం ఉంటే అటు కోర్సులు చేసుకోవచ్చు, కానీ న్యూట్రిషన్ చదివాక నర్సు అవ్వాలంటే నర్సింగ్ మళ్ళీ మొదటి నుంచి చదవాలి. కానీ రక్తం చూస్తే కళ్ళు తిరిగే పిల్లని ఉద్యోగం వస్తుందని నర్సింగ్‌లోకి తోయకండి అమ్మా నాన్నలూ, మా బ్యాచ్‌లో ఒకమ్మాయి రెండో సంవత్సరం అంతా ఏడుస్తూనే ఉంది, మానేస్తానంటే మిగతా ఫీజు మొత్తం కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు కాలేజీ వాళ్ళు.

అందుకే చేరేముందు ఒకరోజు కాలేజీకి వెళ్ళండి. నర్సింగ్ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లిస్టులో పేరు ఉందా, కాలేజీకి సొంత హాస్పిటల్ ఉందా, ఉంటే అందులో పేషెంట్లు ఉన్నారా ఖాళీ మంచాలేనా, మీ కళ్ళతో చూడండి. న్యూట్రిషన్ అయితే ఇంటర్న్‌షిప్‌కి ఏ హాస్పిటల్‌కి పంపుతారో అడగండి. సీనియర్లని గేటు బయట టీ కొట్టు దగ్గర పట్టుకుని అడిగితే లోపల చెప్పనివి చెప్తారు. ఒరిజినల్స్ ఇవ్వాల్సి వస్తే జిరాక్సులు దగ్గర పెట్టుకుని, ఏ కాగితాలు ఇచ్చారో రాయించి, కాలేజీ స్టాంపు వేసిన రసీదు చేతికి వచ్చాకే ఆఫీసు గదిలోంచి బయటికి రండి.