షేర్డ్ హోస్టింగ్‌లో పీహెచ్‌పీ వెర్షన్ మార్చే ముందు జాగ్రత్తలు

షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునే చోట, రూట్ యాక్సెస్ (సర్వర్‌పై పూర్తి అధికారం) ఉండదు. కావాల్సిన సాఫ్ట్‌వేర్ వేసుకోవడం మన చేతిలో లేదు కాబట్టి, సైట్ కోడ్ రాసిన భాష అయిన పీహెచ్‌పీ వెర్షన్ మార్చేటప్పుడు ముందే అన్నీ చూసుకోవాలి.

• ఫైళ్లు, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీసి మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. అదే అకౌంట్‌లో వదిలేస్తే డిస్క్ కోటా నిండుతుంది, అకౌంట్‌కే ఏదైనా అయితే బ్యాకప్ కూడా పోతుంది.

• పాత కోడ్‌ను తీరిగ్గా చూడండి. మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ లాంటి ఫంక్షన్లను పీహెచ్‌పీ 7.0లోనే తీసేశారు. ఈచ్, క్రియేట్_ఫంక్షన్ 8.0లో పోయాయి. ఒక్క ప్లగిన్‌లో ఇవి మిగిలినా సైట్ తెల్ల పేజీ అయిపోవచ్చు. సబ్‌డొమైన్‌కు విడిగా వెర్షన్ ఎంచుకునే వీలుంటే అక్కడ కాపీ పెట్టి, డేటాబేస్ కూడా వేరేది ఇచ్చి, ఎర్రర్ లాగ్ చూస్తూ పరీక్షించండి. టెన్షన్ సగం తగ్గుతుంది.

• పాత వెర్షన్‌లో ఆన్ చేసిన ఎక్స్‌టెన్షన్లకు (పీహెచ్‌పీకి అదనపు సౌకర్యాలిచ్చే భాగాలకు) కొత్తదానిలో మళ్లీ టిక్ పెట్టాల్సి రావచ్చు. మెమరీ లిమిట్ కూడా మళ్లీ పెట్టాల్సి రావచ్చు.

• చాలామంది మర్చిపోయేది క్రాన్ జాబ్‌లు, అంటే నిర్ణీత సమయాల్లో వాటంతటవే నడిచే పనులు. సైట్ కొత్త వెర్షన్‌లో నడుస్తున్నా క్రాన్ పాతదాన్నే పిలుస్తూ ఉండొచ్చు. క్రాన్ కమాండ్‌లో కొత్త పీహెచ్‌పీ ఉన్న చోటు, అంటే పూర్తి పాత్ రాయండి.

• మార్చాక పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే వీలుందో లేదో సపోర్ట్ వాళ్లను ముందే అడగండి.